ట్యాంకు అడుగున రెండు వర్షాకాలాలు: కొచ్చి నుంచి విశాఖకు ఒక యాట్ డెలివరీ

విశాఖలో ఒక డాక్టరు గారు కొచ్చిలో ఉన్న సెకండ్‌హ్యాండ్ యాట్, అంటే తెరచాప పడవ, కొన్నారు. 40 అడుగుల ఫైబర్ పడవ, ఒకటే మాస్టు (తెరచాప కట్టే స్తంభం), 38 హెచ్‌పీ డీజిల్ ఇంజన్, 200 లీటర్ల ట్యాంకు, నీటి కింద 2.1 మీటర్ల లోతుకి దిగే కీల్ (పడవ అడుగున ఉండే రెక్క). దాన్ని సముద్రం మీద తెచ్చి ఇక్కడ అప్పగించాలి. నా అసలు పని మెరైన్ డీజిల్ రిపేర్లు. ఏడాదికి ఒకటో రెండో పడవలు ఇలా డెలివరీ కూడా చేస్తుంటాను. డాక్టరు గారికి ఈ పిచ్చి పట్టింది మన నేవీ అమ్మాయిలు ఐఎన్‌ఎస్‌వీ తరిణి అనే తెరచాప పడవ మీద భూమి చుట్టి వచ్చినప్పుడట. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చిన ఆ ఆరుగురిలో పి. స్వాతిది విశాఖే. "మా ఊరి పిల్ల భూమి చుట్టేసొస్తే నేను కొచ్చి నుంచి రాలేనా?" అన్నారు. రాగలరు. కాకపోతే ఆ పిల్ల వెనక ఎన్నేళ్ళ ట్రైనింగు ఉందో ఆయనకు అప్పుడు చెప్పలేదు, ఆయన పడవ ఇంకా కొనకముందు చెప్పాల్సింది.

మ్యాపు చూసిన ప్రతివాడూ అడిగే ప్రశ్న: శ్రీలంక చుట్టూ ఎందుకు, రామేశ్వరం దగ్గర దూరి రావచ్చుగా? పాంబన్ దగ్గర 2025 ఏప్రిల్‌లో కొత్త రైలు వంతెన మొదలైంది, మధ్య భాగం నిలువుగా పైకి లేస్తుంది. వంతెన లేస్తుంది గానీ కింద నీళ్ళు లేవవు కదా. 2.1 మీటర్ల కీల్‌తో ఆ కాలువ మీద పందెం కాయడం నావల్ల కాదు. కాబట్టి దారి ఇదీ: కొచ్చి నుంచి కన్యాకుమారి 137 నాటికల్ మైళ్ళు, అక్కణ్ణుంచి శ్రీలంక దక్షిణ కొన దోండ్రా 224, ఆ ద్వీపం ఆగ్నేయ మూల తిరగడానికి ఇంకో 100, తర్వాత బంగాళాఖాతంలో ఉత్తరంగా 650 పైచిలుకు. మొత్తం 1,100. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు, ఇకమీద మైలు అన్నచోటల్లా అదే.

బయల్దేరే తారీకు మార్చి 20 పెట్టడానికి కారణం ఉంది. బంగాళాఖాతంలో మన కోస్తా వెంబడి ఒక పెద్ద ప్రవాహం నడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అది దక్షిణానికి పారుతుంది, ఫిబ్రవరి తర్వాత తిరగబడి ఉత్తరానికి పారుతుంది, మార్చి ఏప్రిల్లో బలంగా ఉంటుంది. చెన్నై వైపు నుంచి విశాఖ రావాలంటే అదే మనకు ఎదురులేని కన్వేయర్ బెల్టు. మరీ ఆలస్యం చేస్తే ఏప్రిల్ నెలాఖరు, మే నెలల తుపానుల సీజను. మరీ ముందు బయల్దేరితే మన్నార్ సింధుశాఖలోంచి ఈశాన్య గాలి ఇంకా గట్టిగా కొడుతుంది. మధ్యలో దొరికేది నెల రోజుల కిటికీ. ఆ కిటికీకి ఒక లోపం ఉంది: శ్రీలంక దాటాక గాలి ఉండదు. తెరచాప పడవ కాస్తా మోటారు పడవైపోతుంది. అంటే ఈ ప్రయాణానికి ప్రాణం సెయిల్స్ కాదు, డీజిలు. నాకది తెలుసు. తెలిసీ తప్పు చేశాను.

కొచ్చిలో నేను చేసిన తనిఖీ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఈ కేసంతా అక్కడే ఉంది. పడవ రెండు వర్షాకాలాల పాటు కదలకుండా కట్టేసి ఉంది. మూడు రోజులు కూర్చుని మాస్టు పట్టే స్టీలు తీగలు ఒక్కొక్కటీ వేలితో తడిమాను, సెయిల్ కుట్లు చూశాను, చుక్కాని బేరింగు ఊపి చూశాను, అడుగున ఉన్న నీటి వాల్వులన్నీ తిప్పాను. ఇంజన్ గంటసేపు లోడు మీద నడిపాను. ఫ్యూయల్ లైనులో డీజిలులోంచి నీళ్ళు వేరుచేసే వాటర్ సెపరేటర్ ఉంటుంది, దాని కింద గాజు గిన్నె. గిన్నెలోది సీసాలో పట్టి వెలుగుకి ఎత్తి చూస్తే తేనె రంగులో శుభ్రంగా ఉంది. రిపోర్టులో "డీజిల్ ఓకే" అని రాసి సంతకం పెట్టాను. ట్యాంకులో ఉన్న 60 లీటర్ల పాత డీజిలు మీదే 140 లీటర్ల కొత్తది పోయించాను.

ట్యాంకుకి తనిఖీ మూత ఉంది. కానీ అది వెనక గది మంచం కింద, ప్లైవుడ్ పలక వెనక, పన్నెండు బోల్టులతో బిగించి ఉంది. ఆ పలక తీయాలంటే మంచం ఊడదీయాలి. సెపరేటర్ శుభ్రంగా ఉందిగా అనుకున్నాను. సెపరేటర్ చెప్పేది డీజిలు పీల్చే గొట్టం మూతి దగ్గర ఏముందో, అంతే. కదలకుండా నిలబడిన పడవలో నీళ్ళు ట్యాంకు అట్టడుగు మూలలో చేరతాయి, గొట్టం మూతి అడుగుకి రెండంగుళాల పైన ఉంటుంది. రెండింటికీ ఏడాదిన్నరగా ముఖపరిచయం లేదు.

కాగితాల పని మామూలే: ఓనరు పేపర్లు, సిబ్బంది లిస్టు, పోర్టు క్లియరెన్సు, కోస్ట్‌గార్డుకి మా దారి వివరం. ఒక్క విషయం మాత్రం కొత్తవాళ్ళకు చెప్పాలి. ఇరిడియం, థురాయా శాటిలైట్ ఫోన్లు మన దేశంలో అనుమతి లేకుండా వాడటం నేరం. ఇరిడియం మీద నడిచే చేతి ట్రాకర్లదీ అదే లెక్క. యూట్యూబులో విదేశీ సెయిలర్లను చూసి ఆన్‌లైన్లో తెప్పించుకునేరు. మా దగ్గర ఉన్నవి దగ్గర్లోని ఓడలతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో, చుట్టూ ఉన్న ఓడలను తెరమీద చూపే ఏఐఎస్, ఆపదలో శాటిలైటుకి సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ ఈపర్బ్ బీకను. ఆ బీకను సంకేతం చేరేది బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి, ముందే రిజిస్టరు చేయించుకోవాలి. వాతావరణానికి హైదరాబాద్ ఇన్‌కాయిస్ వాళ్ళ సముద్ర సూచనలు బయల్దేరే ముందు ప్రింటు తీసుకున్నాం.

మనుషులం నలుగురం. నేను, డాక్టరు గారు, ఆయన మేనల్లుడు, పెదజాలరిపేట నుంచి పడవ నడిపే మా సరంగు. సరంగు చిన్నప్పుడు తెప్ప మీద, తర్వాత మర పడవల మీద ముప్పై ఏళ్ళు చేశాడు. తెరచాప తాళ్ళ ఇంగ్లీషు పేర్లు ఒక్కటీ రావు, ఏ తాడు ఎప్పుడు లాగాలో మాత్రం నాకంటే ముందే చెయ్యి వేస్తాడు.

కన్యాకుమారి దాకా చెప్పుకోడానికేం లేదు. పగలు గాలి, రాత్రి పన్నెండు గంటలు ఇంజను, చింతపండు పులిహోర. 21 మధ్యాహ్నానికి కొన దాటాం.

దాటగానే ఈశాన్య గాలి అందుకుంది, 20 నుంచి 25 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక మైలు). మేం పోవాల్సింది ఆగ్నేయానికి, గాలి సరిగ్గా ఎడమ పక్క నుంచి. తెరచాప పడవకి అంతకంటే వేగమైన దిశ లేదు. మెయిన్ సెయిల్ రెండు మడతలు తగ్గించి కూడా ఆరు నాట్లు లాగేశాం. కానీ కెరటాలు పక్క నుంచి కొడుతుంటే పడవ నలభై గంటల పాటు ఉయ్యాల ఊగినట్టు ఊగింది. మేనల్లుడు వాంతుల మాత్ర అవోమిన్ మింగి కక్కడం, కక్కి మింగడం. ఆ ఊపులో ట్యాంకు లోపల ఏం జరుగుతోందో ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. రెండు వర్షాకాలాలు నిద్రపోయినదంతా లేచి కూచుంది. ఇంజను ఆపి ఉంది కాబట్టి మాకు తెలియలేదు.

23 తెల్లవారుజామున దోండ్రా. అక్కడ ఓడలకు రోడ్డు మీద డివైడర్ లాగా రాకపోకల దారులు విడదీసి ఉంటాయి. ఐరోపా, గల్ఫ్ నుంచి సింగపూర్, చైనా పోయే సరుకంతా ఆ సందులోంచే. ఏఐఎస్ తెరమీద ఒక్కసారే ముప్పైకి పైగా ఓడల గుర్తులు, ఈగలు ముసిరినట్టు. ఢీకొనకుండా ఉండే అంతర్జాతీయ నియమాల్లో పదోది చిన్న పడవలకు ఒక వెసులుబాటు ఇస్తుంది: 20 మీటర్ల లోపు పడవలు, తెరచాప పడవలు తీరానికీ ఆ దారికీ మధ్య ఉన్న జాగాలో పోవచ్చు. అందులోనే పోయాం. ఆ నీళ్ళలో నీలి తిమింగలాలు మేతకొస్తాయి. ఓడలు గుద్ది అవి చచ్చిపోతున్నాయని 2022లో ఎంఎస్‌సీ కంపెనీ తన ఓడలను ఇంకా దక్షిణంగా మళ్ళించింది కూడా. మాకు దూరంగా ఒక్క ఊపిరి ఫౌంటెన్ మాత్రం కనబడింది. సరంగు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

దోండ్రా కొన తిరగ్గానే గాలి పడిపోయింది. అనుకున్నదే. 1,800 ఆర్‌పీఎం మీద ఇంజను, గంటకు రెండున్నర లీటర్లు, ఐదు నాట్లు.

25వ తేదీ తెల్లవారుజాము మూడింటికి ఇంజను ఊపిరి ఎగబీల్చడం మొదలెట్టింది. ఆర్‌పీఎం పడుతుంది, లేస్తుంది, మళ్ళీ పడుతుంది. పది నిమిషాల్లో ఆగిపోయింది. ట్రింకోమలీకి తూర్పు ఈశాన్యంగా 65 మైళ్ళు, విశాఖకు ఇంకా 520. సముద్రం అద్దంలా ఉంది, పైన చుక్కలు, కింద నీళ్ళలో చుక్కలు. డాక్టరు గారు టార్చి పట్టుకున్నారు. సెపరేటర్ గాజు గిన్నె చూస్తే లోపల ఏమీ కనబడలేదు, నల్లగా ఉంది. విప్పాను. గోంగూర పచ్చడి జాడీ అడుగున ఎండిపోయిన ముద్దలాంటిది వేళ్ళకు అంటుకుంది, జిగురు, కుళ్ళిన గుడ్డు వాసన. ఫిల్టరు కాగితం మడతల మధ్య అదే పేరుకుపోయింది.

డీజిలులో బతికే సూక్ష్మజీవులు ఉంటాయి. వాటికి తిండి డీజిలు, నివాసం నీళ్ళు. డీజిలు తేలికది కాబట్టి పైన, నీళ్ళు కింద, రెండూ కలిసే గీత దగ్గర ఇవి కాపురం పెడతాయి. నీళ్ళు లేకపోతే అవి లేవు. కొత్త ఫిల్టరు వేసి, ఫీడ్ పంపు లీవరుతో గాలి తీసి స్టార్టు చేశాను. నలభై నిమిషాలు. రెండో ఫిల్టరు, ఇరవై ఐదు నిమిషాలు. నా దగ్గర ఇక మిగిలింది ఒకటి.

లెక్క వేశాను. ఇప్పటికి 59 గంటలు నడిచింది, 150 లీటర్లు ఖర్చు. ట్యాంకులో 50 మిగిలాయి, అవి విషం. కానీ డెక్కు మీద ఆరు కేన్లు, ఒక్కోటి 20 లీటర్లు, సీలు తీయనివి. మొదటి అంచె దాటగానే అవి ట్యాంకులో పోసేయమని మేనల్లుడికి నేనే చెప్పాను, డెక్కు మీద బరువెందుకని. వాడు కక్కుతూ పడుకుని మర్చిపోయాడు. వాడి వాంతులే మమ్మల్ని కాపాడాయి.

"కేన్‌లోంచి డైరెక్టుగా ఇచ్చేయండి గురువుగారూ, మా ఫైబర్ బోట్ల మీద అంతే కదా," అన్నాడు సరంగు. నేనా మాట అనుకోకముందే అన్నాడని ఒప్పుకోవాలి. ఇంజను పైన మెట్ల పక్కన కేన్ తాడుతో కట్టి, ఫ్యూయల్ గొట్టం అందులో దించాం. స్టార్టయింది. ఇరవై లీటర్లు ఎనిమిది గంటలు రావాలి. రెండు గంటలు కాకముందే కేన్ అడుగు కనబడింది.

ఇక్కడ నా రెండో తప్పు. డీజిల్ ఇంజను తనకు కావాల్సినదానికంటే ఎక్కువ పీల్చి, మిగిలింది రిటర్న్ గొట్టం ద్వారా ట్యాంకుకి పంపేస్తుంది. నేను పీల్చే గొట్టం మార్చాను, రిటర్న్ మార్చలేదు. మంచి డీజిలు బంగారంలాంటిది పదిహేను లీటర్లు తీసుకెళ్ళి ఆ బురదలో పోశాను. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నవాణ్ణి. సరంగు ఏమీ అనలేదు, రెండో గొట్టం చూపించి నవ్వాడు. రిటర్న్ కూడా కేన్‌లోకి తిప్పాక మళ్ళీ ఎనిమిది గంటల లెక్క కుదిరింది.

మిగిలింది వంద లీటర్లు, 40 గంటలు, 200 మైళ్ళు. దూరం 520. అంటే 320 మైళ్ళు గాలితో కొట్టాలి, గాలి లేనిచోట.

మూడు దారులు కనబడ్డాయి. ట్రింకోమలీ దగ్గర, కానీ పరాయి దేశం, మాకు అక్కడి కాగితాలు లేవు. ప్రాణం మీదికొస్తే ఎక్కడికైనా పోవచ్చు, ఇది ప్రాణం మీదికి రాలేదు. చెన్నై 265 మైళ్ళు. లేదా విశాఖే. డాక్టరు గారు చెన్నై అన్నారు, సోమవారం ఆయనకు ఓపీ ఉంది. నేను చెప్పింది ఇదీ: నేరుగా విశాఖకు గీత గీస్తే తీరానికి వంద మైళ్ళ దూరంలో ఉంటాం, అక్కడ గాలీ లేదు, ప్రవాహమూ తక్కువ. పడమరకు వాలి కోస్తా దగ్గరికి జరిగితే ఉత్తరానికి పారే ఆ నది దొరుకుతుంది, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పైరగాలి దొరుకుతుంది. దారి నలభై మైళ్ళు పెరుగుతుంది. పైగా 12 డిగ్రీల అక్షాంశం దాకా చెన్నై మన చేతిలోనే ఉంటుంది, అక్కడ తేల్చుకుందాం.

నలభై గంటల ఇంజనులో ఇరవై నాలుగు అక్కడే ఖర్చు పెట్టి పడమరకు జరిగాం. 26 సాయంత్రం లాగు మీటరు 3.1 నాట్లు చూపిస్తుంటే జీపీఎస్ 4.4 చూపించింది. లాగు నీళ్ళలో మన వేగం, జీపీఎస్ నేల మీద మన వేగం. తేడా 1.3. రోజుకి ముప్పై మైళ్ళు ఉచితం. డాక్టరు గారిని పిలిచి రెండు అంకెలూ చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "సోమవారం ఓపీ క్యాన్సిల్ చేయించాలి," అన్నారు. సిగ్నలు లేదు కాబట్టి అదీ కుదర్లేదు. ఆ రాత్రి దాటిపోతున్న బల్క్ క్యారియర్‌ని వీహెచ్ఎఫ్‌లో పిలిస్తే డ్యూటీ ఆఫీసరు ఓపిగ్గా మూడు రోజుల సూచన చదివి వినిపించాడు. అల్పపీడనం ఏదీ లేదు. చెన్నై మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

గాలి లేని పొద్దుటి పూటల్లో ట్యాంకులోని డీజిలు బాగుచేశాం. గొట్టం అడుగుకి దించకుండా పై భాగం నుంచే తోడి, ఖాళీ నీళ్ళ బాటిళ్ళలో పోసి రెండు గంటలు కదపకుండా నిలబెట్టేవాళ్ళం. అడుగున నీళ్ళు ముత్యంలా వేరుపడేవి, వాటి మీద నల్లటి చర్మం లాంటి పొర. పైదాన్ని నాలుగు మడతల గుడ్డలో వడగట్టి కేన్‌లోకి. అలా 22 లీటర్లు దక్కాయి. మేనల్లుడికి కడుపు కుదురుకుని ఈ పనిలో మంచి చెయ్యి తిరిగింది.

29 రాత్రి గోదావరి సంగమాల ఎదురుగా ఉన్నాం. తీరానికి దగ్గరగా వచ్చినందుకు కట్టాల్సిన పన్ను అక్కడ మొదలైంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం. దానికి రెండు వారాల ముందు అంటే ఉన్న ప్రతి పడవా నీళ్ళలోనే. కేజీ బేసిన్‌లో సముద్రం మీద చమురు, గ్యాసు తీసే వేదికలు నయం, దీపాలతో పెళ్ళి ఇల్లులా ఉంటాయి, చుట్టూ 500 మీటర్లలోకి పోకూడదన్న రూలు తెలిస్తే చాలు. వలలకు దీపం ఉండదు. థర్మోకోల్ ముక్క, కర్ర, నల్ల గుడ్డ. రెండు గంటలప్పుడు పడవ మెత్తగా, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టు ఆగింది. ఇంజను ఆపి ఉండటం అదృష్టం. తిరుగుతున్న ప్రొపెల్లరుకి నైలాన్ వల చుట్టుకుంటే కరిగి ఇనుములా గట్టిపడుతుంది.

కాసేపటికి చీకట్లోంచి టార్చి. "ఆయ్, వలెక్కేశారండీ బాబూ! ఏ ఊరండీ మీది?"

"జాలరిపేట, వైజాగ్. కొయ్యకండి తమ్ముడూ, వల పాడు చెయ్యం," అన్నాడు మా సరంగు, అప్పటికే చొక్కా విప్పుతూ. సెయిల్స్ దించేశాం. వాళ్ళు తాడు వదులు చేశారు, ఇతను నడుముకి తాడు కట్టుకుని దిగి కీల్ మీంచి వలను కిందికి నొక్కి జార్చాడు. ఇరవై నిమిషాలు. ఒక్క కన్నూ తెగలేదు. డాక్టరు గారు డబ్బు ఇవ్వబోతే వద్దన్నారు, మంచినీళ్ళ టిన్ను ఒకటి తీసుకుని రెండు వంజరం చేపలు విసిరారు. పడవల మీద తిరిగేవాళ్ళు వలల్ని తిట్టడం నేను చాలా విన్నాను. ఆ నీళ్ళు ముందు వాళ్ళవి, తర్వాతే మనవి.

31 రాత్రి ఎడమవైపు ఆకాశంలో స్టీల్ ప్లాంటు ఎర్ర వెలుగు, ఆ తర్వాత గంగవరం పోర్టు దీపాలు, యారాడ కొండ నల్లటి గీత, దాని చివర డాల్ఫిన్స్ నోస్ లైటు. బయట లంగరేసి ఎదురుచూస్తున్న ఓడల మధ్య తెల్లారేదాకా మెల్లగా తచ్చాడాం. నేవీ ఉన్న ఊరు, రాత్రిపూట చెప్పాపెట్టకుండా దూరే చోటు కాదు. పోర్ట్ కంట్రోల్ పిలుపు అందాక చివరి కేన్‌తో ఏప్రిల్ 1 ఉదయం ఏడింటికి లోపలికొచ్చాం. పన్నెండు రోజులు. కేన్‌లో ఇంకా తొమ్మిది లీటర్లు ఉన్నాయి.

వారం తర్వాత మంచం ఊడదీసి ఆ పన్నెండు బోల్టులు విప్పాను. బురద పోగా నాలుగు లీటర్ల నీళ్ళు. అవి ఆవిరి చల్లబడి చేరేంత నీళ్ళు కాదు, ఎక్కణ్ణుంచో కారినవే. డెక్కు మీద డీజిలు పోసే మూత చూస్తే లోపలి రబ్బరు ఓ-రింగు బిస్కెట్టులా విరిగి వచ్చింది. కేరళ వానలు రెండేళ్ళు దానిమీంచి పారాయి. యాభై రూపాయలు కూడా చేయని రబ్బరు.

ట్యాంకు ఆవిరితో కడిగించి, రెండు ఫిల్టర్లు పక్కపక్కన పెట్టి మధ్యలో మార్చుకునే వాల్వు వేశాను, ఒకటి మూసుకుపోయినా ఇంజను ఆగకుండా రెండోదానికి తిప్పొచ్చు. ముందు ఒక వాక్యూమ్ గేజి, ఫిల్టరు బిగుసుకుంటుంటే ముల్లు ముందే చెప్తుంది. కొలత కర్ర పెట్టే రంధ్రం లోంచి సన్నటి రాగి గొట్టం ట్యాంకు అట్టడుగు మూలకు దించి చేతిపంపుతో అర లీటరు తోడే ఏర్పాటు కూడా చేశాను. ఇప్పుడు ఏ పడవ తనిఖీకి పోయినా నా సంచీలో ముందు ఉండేది ఆ రాగి గొట్టమే, సెపరేటర్ జోలికి తర్వాతే పోతాను. ట్యాంకు కడిగిన బిల్లు, మంచం మళ్ళీ బిగించిన కార్పెంటరు కూలీ నా ఫీజులోంచి మినహాయించుకోమన్నాను. డాక్టరు గారు వద్దనలేదు.

డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) పోదామంటున్నారు, 650 మైళ్ళు. సరంగు సరేనన్నాడు. కేన్లు మాత్రం తను మోస్తాడట, వాటి మూత తీయడానికి ఎవరికీ పర్మిషను లేదట.